‘చేస్తున్నాడు’ ఒకటే, ఇంగ్లిష్‌లో నాలుగు: ‘హ్యాడ్ బీన్’ దగ్గర తడబాటు ఎందుకు?

క్లుప్తంగా: పాస్ట్ పర్ఫెక్ట్ కంటిన్యుయస్ (‘హ్యాడ్ బీన్ డూయింగ్’ లాంటి రూపం) సూత్రం కష్టమైనది కాదు. దాన్ని ఎక్కడ వాడాలో తేల్చుకోవడమే కష్టం. తెలుగులో ‘చేస్తున్నాడు’ అనే ఒక్క రూపం చేసే పనిని ఇంగ్లిష్ నాలుగు రూపాలకు పంచింది. తెలుగు వాక్యంలో ‘అప్పటికి’ లాంటి మాట ఒకటి, ‘నుంచి’ లాంటి మాట ఒకటి కలిసి కనిపిస్తే ‘హ్యాడ్ బీన్’ అవసరం పడే అవకాశం ఎక్కువ. అయితే కొన్ని క్రియలు ఈ రూపాన్ని ఒప్పుకోవు. ఎన్ని అనే లెక్క చెప్పేటప్పుడు ఇది పనికిరాదు. ఉద్యోగం గురించి చెప్పేటప్పుడు పొరపాటున వాడితే అర్థమే తిరగబడుతుంది.

విజయవాడ బెంజి సర్కిల్ చుట్టుపక్కలైనా, గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేట సందుల్లోనైనా స్పోకెన్ ఇంగ్లిష్ బోర్డులకు కొదవ లేదు. ఆ తరగతుల్లో కూర్చున్న ఎవరిని అడిగినా ‘హ్యాడ్ బీన్ ప్లస్ ఐఎన్‌జీ’ అని సూత్రం గుక్క తిప్పుకోకుండా చెబుతారు. అదే మనిషిని ‘బస్సు వచ్చేసరికి మేం రెండు గంటలుగా నిలబడి ఉన్నాం’ అనే మాటను ఇంగ్లిష్‌లో చెప్పమంటే, నూటికి తొంభై పాళ్లు ‘వుయ్ వర్ స్టాండింగ్’ అనో ‘వుయ్ ఆర్ స్టాండింగ్ ఫ్రమ్ టూ అవర్స్’ అనో వస్తుంది. సూత్రం నోటికి వచ్చినా వాక్యంలోకి రాకపోవడానికి కారణం బద్ధకం కాదు. ఆ కారణం తెలుగు క్రియ నిర్మాణంలో ఉంది.

సూత్రం చిన్నదే

ముందుగా రూపం సంగతి. ‘హ్యాడ్’, ‘బీన్’, ఆపై ఐఎన్‌జీ చేర్చిన క్రియ. ఐ, యూ, హీ, షి, దే ఏదైనా ‘హ్యాడ్’ మారదు. ‘హ్యావ్’, ‘హ్యాజ్’ తేడాతో తికమకపడే వారికి ఇది ఊరటే. వ్యతిరేకార్థానికి ‘హ్యాడ్’ పక్కన ‘నాట్’ చేరుతుంది. ప్రశ్నలో ‘హ్యాడ్’ కర్త ముందుకు జరుగుతుంది. బడి పుస్తకాలు దీన్ని కంటిన్యుయస్ అంటాయి, ఇప్పటి వ్యాకరణ గ్రంథాలు చాలావరకు ప్రోగ్రెసివ్ అంటాయి. పేర్లు రెండు, వస్తువు ఒకటే.

రాతలో తరచూ దొర్లే తప్పు ఒకటుంది: ‘బీన్’ రాయాల్సిన చోట ‘బీయింగ్’ రాయడం. వేగంగా పలికితే రెండూ దగ్గరగా వినిపిస్తాయి కాబట్టి చెవితో నేర్చుకున్నవారు ‘హ్యాడ్ బీయింగ్ వర్కింగ్’ అని రాసేస్తారు. ‘హ్యాడ్’ పక్కన క్రియకు మూడో రూపమే రావాలి, ‘బీ’కి మూడో రూపం ‘బీన్’. ఇంతవరకు గుర్తుంటే రూపంలో పొరబడడానికి పెద్దగా ఏమీ ఉండదు.

‘ఉన్నాడు’ నిన్నటిదా, నేటిదా?

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. తిను, విను, కొను అనే ధాతువులకు తిన్నాడు, విన్నాడు, కొన్నాడు అనేవి భూతకాల రూపాలు. ‘ఉండు’ నుంచి వచ్చిన ‘ఉన్నాడు’ కూడా చూడ్డానికి అదే అచ్చులో పోసినట్టు ఉంటుంది. కానీ వాడుకలో అది రెండు కాలాలకూ చెల్లుతుంది. ‘ఇప్పుడు ఇంట్లో ఉన్నాడు’ అంటాం, ‘నిన్న ఇంట్లోనే ఉన్నాడు’ అనీ అంటాం. ‘లేడు’ కూడా అంతే: ‘ఇప్పుడు లేడు’, ‘నిన్న లేడు’. కాలాన్ని క్రియ చెప్పదు, పక్కనున్న ‘ఇప్పుడు’, ‘నిన్న’ చెబుతాయి.

‘చేస్తున్నాడు’ అంటే ‘చేస్తూ’, ‘ఉన్నాడు’ కలిసిపోయిన మాట. కాబట్టి ‘ఉన్నాడు’కు ఉన్న ఈ రెండు కాలాల గుణం దానికీ సంక్రమించింది. నాలుగు వాక్యాలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

‘వంట చేస్తున్నాడు.’ ఇది ‘ఈజ్ కుకింగ్’.

‘పొద్దున్నుంచి వంట చేస్తున్నాడు.’ ఇది ‘హ్యాజ్ బీన్ కుకింగ్’.

‘చుట్టాలు దిగేసరికి వంట చేస్తున్నాడు.’ ఇది ‘వాజ్ కుకింగ్’.

‘చుట్టాలు దిగేసరికి, పొద్దున్నుంచి వంట చేస్తూనే ఉన్నాడు.’ ఇది ‘హ్యాడ్ బీన్ కుకింగ్’.

తెలుగులో క్రియ దాదాపు కదల్లేదు. నాలుగో వాక్యంలో ‘నే’ అనే ఒత్తు చేరింది, అంతే. ఇంగ్లిష్‌లో మాత్రం నాలుగు చోట్లా సహాయక క్రియ మారింది. తెలుగు చెవి ‘చేస్తున్నాడు’ వినగానే ఐఎన్‌జీ రూపాన్ని పట్టుకుంటుంది, అది సరైనదే. దాని ముందు ఏం పెట్టాలో చెప్పే సమాచారం క్రియలో లేదు, వాక్యం మొదట్లో ఉంది. అనువాదం క్రియ దగ్గర మొదలుపెడితే ఆ సమాచారం జారిపోతుంది.

పాత ద్విభాషా వాచకాలు ఈ కాలానికి ‘చేయుచుండెను’ అని అర్థం రాసిపెట్టాయి. అలా మాట్లాడేవారు కృష్ణా జిల్లాలో గానీ గుంటూరు జిల్లాలో గానీ ఎవరూ లేరు. ఎవరూ అనని తెలుగు మాటకు ఇంగ్లిష్ నేర్పితే, అనాల్సిన మాట ఎదురైనప్పుడు అది గుర్తుకు రాదు. పైగా అదే ‘చేయుచుండెను’ను ‘వాజ్ డూయింగ్’కూ అర్థంగా ఇచ్చారు. దాంతో రెండింటికీ తేడా లేదనే అభిప్రాయం స్థిరపడిపోయింది.

‘చేస్తూ ఉండేవాడు’ కూడా ఈ కాలానికి సరిజోడు కాదు. అది అలవాటును చెబుతుంది. ‘చిన్నప్పుడు కృష్ణలో ఈత కొడుతూ ఉండేవాడు’ అంటే ‘యూజ్డ్ టు స్విమ్’. దాన్ని ‘హ్యాడ్ బీన్ స్విమ్మింగ్’ అంటే, వినేవారు ‘అయితే అప్పుడేం జరిగింది?’ అని తర్వాతి మాట కోసం ఎదురుచూస్తారు.

రెండు ఆనవాళ్లు

ఆ ఎదురుచూపు ఎందుకంటే, పాస్ట్ పర్ఫెక్ట్ కంటిన్యుయస్ ఒంటరిగా నిలబడదు. దానికి గతంలో ఒక లంగరు కావాలి. ఆ లంగరు దగ్గర నిలబడి ఇంకా వెనక్కి చూడటమే ఈ కాలం చేసే పని. తెలుగులో లంగరు మాటలు ‘అప్పటికి’, ‘వచ్చేసరికి’, ‘వెళ్లేటప్పటికి’, ‘ఆ నాటికి’. ఇంగ్లిష్‌లో ‘వెన్’, ‘బై ద టైమ్’, ‘బిఫోర్’, ‘అంటిల్’. లంగరు వాక్యంలో క్రియ సాధారణంగా సింపుల్ పాస్ట్‌లో (‘వెంట్’, ‘కేమ్’ లాంటి మామూలు భూతకాలంలో) ఉంటుంది.

రెండో ఆనవాలు నిడివి. ‘రెండు గంటలుగా’, ‘పొద్దున్నుంచి’, ‘ఏళ్ల తరబడి’, ‘ఎంతోసేపు’. లంగరు మాత్రమే ఉంటే ‘వాజ్ కుకింగ్’ సరిపోతుంది. నిడివి ఒక్కటే ఉండి, అది ఇప్పటిదాకా సాగితే ‘హ్యాజ్ బీన్ కుకింగ్’. రెండూ ఉంటే ‘హ్యాడ్ బీన్ కుకింగ్’. ఈ లెక్క పై నాలుగు వాక్యాలకు వేసి చూస్తే సరిగ్గా కుదురుతుంది.

ఈ ప్రాంత చరిత్రలోంచే ఒక ఉదాహరణ. ఆంధ్ర రాష్ట్ర హైకోర్టు 1954 జులైలో గుంటూరులో మొదలైంది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఈ రెండింటినీ కలిపి చెప్పాలంటే: ‘వెన్ ఆంధ్రప్రదేశ్ వాజ్ ఫార్మ్‌డ్, ద హైకోర్ట్ హ్యాడ్ బీన్ ఫంక్షనింగ్ ఇన్ గుంటూర్ ఫర్ మోర్ దాన్ టూ ఇయర్స్.’ లంగరు 1956, నిడివి రెండేళ్లకు పైగా. ‘వాజ్ ఫంక్షనింగ్’ అంటే కోర్టు ఆనాడు గుంటూరులో ఉందని మాత్రమే తెలుస్తుంది. ఎప్పటి నుంచి అన్నది ఆ క్రియ మోయలేదు.

‘హ్యాడ్ బీన్’ అంటే పని అయిపోయిందని అర్థమని కొన్ని చోట్ల చెబుతుంటారు. అది సగం నిజం. బస్సు కోసం నిలబడటం బస్సు రాగానే ఆగిపోతుంది. కానీ ‘కొత్త మేనేజరు వచ్చేసరికి ఆయన అక్కడ పదేళ్లుగా పనిచేస్తున్నారు’ అన్నప్పుడు మేనేజరు రాకతో ఆయన ఉద్యోగం పోలేదు, మర్నాడూ కొనసాగింది. రెండింటికీ ‘హ్యాడ్ బీన్’ రావాల్సిందే. పని లంగరు దాకా సాగిందని, లేదా లంగరుకు కాస్త ముందే ఆగినా దాని ఆనవాలు అప్పటికి మిగిలి ఉందని మాత్రమే ఈ కాలం హామీ ఇస్తుంది. లంగరు దాటాక ఏమైందో చెప్పదు.

ఎంతసేపు, ఎన్ని: మిర్చి యార్డు లెక్క

‘హ్యాడ్ డన్’కూ ‘హ్యాడ్ బీన్ డూయింగ్’కూ తేడా గుంటూరు మిర్చి యార్డులో తేలిగ్గా తెలుస్తుంది. ఒక లారీ నుంచి హమాలీలు టిక్కీలు (మిర్చి బస్తాలు) దించుతున్నారు. ఆరింటికి మొదలుపెట్టారు. పదింటికి కమీషన్ వ్యాపారి వచ్చాడు. అతనికి రెండు రకాల సమాధానాలు చెప్పొచ్చు. ‘దే హ్యాడ్ బీన్ అన్‌లోడింగ్ సిన్స్ సిక్స్’ అంటే ఎంతసేపటి నుంచి దించుతున్నారో చెప్పినట్టు. ‘దే హ్యాడ్ అన్‌లోడెడ్ సిక్స్టీ బ్యాగ్స్’ అంటే ఎన్ని దించారో చెప్పినట్టు. మొదటిది శ్రమ, రెండోది ఫలితం.

ఈ రెంటినీ ఒకే క్రియలో కలపకూడదు. ‘హ్యాడ్ బీన్ అన్‌లోడింగ్ సిక్స్టీ బ్యాగ్స్’ అంటే, అరవై టిక్కీలూ ఒకేసారి సగం దించి పట్టుకున్నట్టు విడ్డూరంగా ఉంటుంది. ఐఎన్‌జీ రూపం పనిని మధ్యలో చూపిస్తుంది. లెక్క పని చివర తేలుతుంది. అందుకే లెక్క వచ్చిన చోట ‘హ్యాడ్’ పక్కన నేరుగా మూడో రూపం రావాలి. మూడు ఉత్తరాలు, ఐదు దరఖాస్తులు, రెండుసార్లు వంటి మాటలు కనబడితే ఐఎన్‌జీని పక్కన పెట్టడం మంచిది.

అదే యార్డు నుంచి మరో వాడుక. మధ్యాహ్నం ఒక హమాలీ ఆగకుండా తుమ్ముతున్నాడు. కారణం: ‘హీ హ్యాడ్ బీన్ హ్యాండ్లింగ్ చిల్లీస్ ఆల్ మార్నింగ్.’ ఇక్కడ పని అప్పటికే ఆగి ఉండొచ్చు, తుమ్ములు మాత్రం సాక్ష్యంగా మిగిలాయి. తడిసిన రోడ్డు, ఎర్రబడ్డ కళ్లు, చేతికంటిన రంగు, ఆయాసం లాంటి ఆనవాళ్లకు గతంలో కారణం చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఇంగ్లిష్ కథనం ఈ రూపాన్నే వెతుక్కుంటుంది. తెలుగులో ఈ అర్థానికి ‘చేస్తున్నాడు’ కూడా అక్కర్లేదు. ‘పొద్దున్నుంచి మిర్చి ఎత్తాడు, అందుకే ఆ తుమ్ములు’ అంటే చాలు. కాబట్టి తెలుగు వాక్యం మాత్రమే చూసి అనువదించేవారు ఇక్కడ ‘హ్యాడ్ బీన్’ అవసరాన్ని అసలు గుర్తించరు.

తెలుగు రూపం మోసం చేసే క్రియలు

ఒకవైపు ‘కూర్చుని ఉన్నాడు’, ‘నిలబడి ఉన్నాడు’, ‘పడుకుని ఉన్నాడు’, ‘చొక్కా వేసుకుని ఉన్నాడు’, ‘సంచి పట్టుకుని ఉన్నాడు’. ఇవి చూడ్డానికి పని ముగిసిన రూపాలు. కూర్చోవడం అయిపోయింది, ఆ స్థితిలో ఉన్నాడని తెలుగు చూపు. ఇంగ్లిష్ వీటిని సాగుతున్న పనులుగానే చూస్తుంది: సిటింగ్, స్టాండింగ్, లైయింగ్, వేరింగ్, హోల్డింగ్. అందుకే ‘డాక్టరు వచ్చేసరికి గంట నుంచి కూర్చుని ఉన్నాడు’ అనేది ‘హ్యాడ్ శాట్’ కాదు, ‘హ్యాడ్ బీన్ సిటింగ్’. తెలుగు రూపాన్ని మక్కికి మక్కి అనుసరిస్తే ఇక్కడ దారి తప్పడం ఖాయం.

మరోవైపు ‘తెలుసు’, ‘ఇష్టం’, ‘నమ్మకం’, ‘సొంతం’ వంటివి. ఇంగ్లిష్‌లో నో, లైక్, బిలీవ్, ఓన్, బిలాంగ్ అనే స్థితి క్రియలు ఐఎన్‌జీని సాధారణంగా ఒప్పుకోవు. నిడివి ఉన్నా, లంగరు ఉన్నా సరే. ‘పెళ్లయ్యేనాటికి వాళ్లిద్దరికీ పదేళ్లుగా పరిచయం’ అంటే ‘దే హ్యాడ్ నోన్ ఈచ్ అదర్ ఫర్ టెన్ ఇయర్స్’. ‘హ్యాడ్ బీన్ నోయింగ్’ అనే మాట లేదు. ఆశ్చర్యం ఏమిటంటే, తెలుగు ఇక్కడ ఇంగ్లిష్‌కు తోడుగానే ఉంది: ‘తెలుస్తున్నాడు’ అని తెలుగులో కూడా అనం. తెలుగు చెవిని నమ్మితే ఈ తప్పు జరగదు, సూత్రాన్ని గుడ్డిగా నమ్మితేనే జరుగుతుంది.

జ్వరం సంగతి వేరు. ‘ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి మూడు రోజులుగా జ్వరం’ అన్నదాన్ని ‘హ్యాడ్ బీన్ హ్యావింగ్ ఫీవర్’ అనడం ఇక్కడ విరివిగా వినిపిస్తుంది. ప్రామాణిక ఇంగ్లిష్ ‘హ్యాడ్ హ్యాడ్ ఎ ఫీవర్ ఫర్ త్రీ డేస్’ అంటుంది. రెండు ‘హ్యాడ్’లు పక్కపక్కన రావడం కంటికి అచ్చుతప్పులా ఉన్నా తప్పు కాదు. మొదటిది సహాయక క్రియ, రెండోది ‘హ్యావ్’కు మూడో రూపం.

లివ్, వర్క్ లాంటి క్రియలకు రెండు రూపాలూ చెల్లుతాయి, అర్థంలో తేడా స్వల్పం. దాని మీద ఎక్కువ ఆలోచన అక్కర్లేదు.

ఒక్క ‘నుంచి’, రెండు దారులు

‘రెండు గంటల నుంచి కరెంటు లేదు’ అనే వాక్యం నిజానికి రెండు మాటలు చెబుతుంది. మధ్యాహ్నం రెండింటికి పోయిందనొచ్చు, పోయి రెండు గంటలైందనొచ్చు. ‘రెండింటి నుంచి’ అంటే మొదటిది తేలుతుంది, ‘రెండు గంటలుగా’ అంటే రెండోది తేలుతుంది. మాట్లాడేటప్పుడు ఈ జాగ్రత్త ఎవరూ తీసుకోరు, సందర్భం చూసుకుంటుంది.

ఇంగ్లిష్ ఈ సందిగ్ధాన్ని భరించదు. మొదలైన క్షణం చెబితే ‘సిన్స్’, గడిచిన కాలం చెబితే ‘ఫర్’. ‘నుంచి’కి నిఘంటువు ఇచ్చే మొదటి అర్థం ‘ఫ్రమ్’ కాబట్టి ‘ఫ్రమ్ టూ అవర్స్’ పుట్టింది. ‘సిన్స్ టూ అవర్స్’ దాని తమ్ముడు. తప్పించుకోవడానికి తెలుగులోనే ముందు ఒక చిన్న మార్పు చేసుకుంటే చాలు: ‘నుంచి’ తీసి ‘గా’ పెట్టి చూడాలి. ‘రెండు గంటలుగా’ కుదిరింది, కాబట్టి ‘ఫర్’. ‘సోమవారంగా’ కుదరదు, కాబట్టి ‘సిన్స్ మండే’.

‘అని’ చేసే సాయం ఇంగ్లిష్‌లో లేదు

ఒకరి మాటను మరొకరికి చెప్పేటప్పుడు తెలుగు కాలాన్ని ముట్టుకోదు. ‘మూడు గంటలుగా లైన్లో నిలబడి ఉన్నాను’ అని ఆమె అంటే, మర్నాడు చెప్పినా ‘మూడు గంటలుగా లైన్లో నిలబడి ఉన్నానని చెప్పింది’ అంటాం. ‘అని’ ముందున్న వాక్యం అన్న క్షణంలో ఎలా ఉందో అలాగే మిగిలిపోతుంది. చివరికి ‘నేను’ కూడా చాలాసార్లు మారదు.

ఇంగ్లిష్‌లో ‘సెడ్’ అన్నాక లోపలి క్రియ ఒక మెట్టు వెనక్కి దిగుతుంది. ‘హ్యావ్ బీన్ స్టాండింగ్’ కాస్తా ‘హ్యాడ్ బీన్ స్టాండింగ్’ అవుతుంది: ‘షి సెడ్ షి హ్యాడ్ బీన్ స్టాండింగ్ ఇన్ ద క్యూ ఫర్ త్రీ అవర్స్.’ ‘వాజ్ స్టాండింగ్’ కూడా అవసరమైతే అదే చోటికి దిగుతుంది. ‘హ్యాడ్ బీన్ స్టాండింగ్’ ముందే ఉంటే అది ఇంకెక్కడికీ దిగదు, అదే చివరి మెట్టు. వార్తలు అనువదించేవారికి, ఫిర్యాదులు రాసేవారికి, ప్రమాదం జరిగినప్పుడు వాంగ్మూలం ఇంగ్లిష్‌లోకి మార్చేవారికి ఈ కాలం ఎక్కువగా ఎదురయ్యేది ఇక్కడే. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు వరద విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు బాధితులు చెప్పిన మాటలు అలాంటివే అనుకుంటే, ‘రాత్రి నుంచి మేడ మీదే ఉన్నాం, నీళ్ల కోసం చూస్తున్నాం’ అనేది రిపోర్టులో ‘దే సెడ్ దే హ్యాడ్ బీన్ వెయిటింగ్ ఫర్ డ్రింకింగ్ వాటర్ సిన్స్ ద ప్రీవియస్ నైట్’ అవుతుంది. ‘లాస్ట్ నైట్’ కూడా ‘ప్రీవియస్ నైట్’గా మారడం గమనించదగ్గది. కాలం వెనక్కి వెళ్తే ‘నిన్న’, ‘ఇవాళ’ లాంటి మాటలు కూడా దాని వెంట వెళ్తాయి.

జరగనిది చెప్పేటప్పుడు

‘హెల్మెట్ పెట్టుకుని ఉంటే తలకు దెబ్బ తగిలేది కాదు.’ ‘ఇఫ్ హీ హ్యాడ్ బీన్ వేరింగ్ ఎ హెల్మెట్, హీ వుడ్ నాట్ హ్యావ్ ఇంజర్డ్ హిజ్ హెడ్.’ ఇక్కడ నిడివి మాట లేదు, అయినా ‘హ్యాడ్ బీన్’ వచ్చింది. ప్రమాదం జరిగిన ఆ క్షణంలో నెత్తిన హెల్మెట్ ఉండి ఉంటే అనేది భావం. ఇందులో ‘హ్యాడ్’ కాలాన్ని కాదు, అలా జరగలేదన్న సంగతిని చెబుతుంది. తెలుగు ‘ఉంటే’ అదే పని చేస్తుంది కాబట్టి ఈ వాడుక నేర్చుకోవడం మిగతావాటికన్నా సులువు. ‘ఇఫ్’ వైపు ‘వుడ్ హ్యావ్’ పెట్టకుండా ఉంటే చాలు.

ఇంగ్లిష్ కూడా తడబడే చోటు

కృష్ణ మీద పాత ఆనకట్ట 1855లో పూర్తయింది, 1952లో గండిపడింది. ‘వెన్ ఇట్ బ్రీచ్డ్ ఇన్ 1952, ద ఆనికట్ హ్యాడ్ బీన్ వాటరింగ్ ద డెల్టా ఫర్ నియర్లీ ఎ హండ్రెడ్ ఇయర్స్’ అనడంలో ఇబ్బంది లేదు. దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ పని 1954లో మొదలై 1957లో ముగిసింది. ‘1957 నాటికి బ్యారేజీ మూడేళ్లుగా కట్టబడుతోంది’ అని కర్మణి ప్రయోగంలో చెప్పాలంటే సూత్రం ప్రకారం ‘హ్యాడ్ బీన్ బీయింగ్ బిల్ట్’ రావాలి. వ్యాకరణం దీన్ని నిషేధించలేదు, కానీ ఇంగ్లిష్ వారు నోటికి రానివ్వరు. ‘ఈజ్ బీయింగ్ బిల్ట్’ అనే రూపమే 18వ శతాబ్దం చివర్లో గానీ వాడుకలోకి రావడం మొదలుకాలేదు, 19వ శతాబ్దంలో కూడా దాన్ని అసహ్యించుకున్న వ్యాకరణవేత్తలు ఉన్నారు. మూడు సహాయక క్రియలు వరుసకట్టే ముందు దారి మార్చుకోవడమే అక్కడి అలవాటు: ‘ద బ్యారేజ్ హ్యాడ్ బీన్ అండర్ కన్‌స్ట్రక్షన్ ఫర్ త్రీ ఇయర్స్.’

ఈ సందర్భంలోనే మరో తేడా. ‘హ్యాడ్ బీన్ బీటెన్’ అంటే దెబ్బలు తిన్నాడు, ‘హ్యాడ్ బీన్ బీటింగ్’ అంటే కొడుతున్నాడు. ‘బీన్’ పక్కన మూడో రూపమా, ఐఎన్‌జీయా అన్నదాన్ని బట్టి దొంగ, పోలీసు స్థానాలు తారుమారవుతాయి.

ప్రశ్నల్లో ‘హౌ లాంగ్ యూ హ్యాడ్ బీన్ వెయిటింగ్?’ అనడం తెలుగు వరుస. తెలుగులో ప్రశ్న కోసం పదాలు చోటు మారవు. ఇంగ్లిష్‌లో ‘హ్యాడ్’ ముందుకు దూకాలి: ‘హౌ లాంగ్ హ్యాడ్ యూ బీన్ వెయిటింగ్?’ వ్యతిరేకార్థం ఎక్కువగా ‘లాంగ్’తో కలిసి వస్తుంది. ‘షి హ్యాడంట్ బీన్ వర్కింగ్ దేర్ లాంగ్ వెన్...’ అంటే ‘అక్కడ చేరి ఎంతో కాలం కాలేదు, ఇంతలో...’ అని.

వినేటప్పుడు ‘హ్యాడ్’ పూర్తిగా వినబడుతుందని ఆశించకూడదు. ‘దేడ్ బిన్ వెయిటింగ్’ అన్నట్టు ‘డ్’ మాత్రమే మిగులుతుంది, ‘బీన్’ పొట్టిగా ‘బిన్’ అవుతుంది, ఊనిక ‘వెయిట్’ మీద పడుతుంది. ఆ ‘డ్’ ‘వుడ్’ కూడా కావొచ్చు. తేల్చేది తర్వాతి మాట: ‘బిన్’ వస్తే ‘హ్యాడ్’, ‘బీ’ వస్తే ‘వుడ్’.

ఉద్యోగం, వీసా, పరీక్ష

అర్థం తిరగబడే ప్రమాదం ఎక్కువగా ఉన్నది ఇంటర్వ్యూల్లో. ఇప్పుడు కూడా అదే కంపెనీలో ఉన్న వ్యక్తి ‘ఐ హ్యాడ్ బీన్ వర్కింగ్ దేర్ ఫర్ త్రీ ఇయర్స్’ అంటే, అవతలివారు అడిగే తర్వాతి ప్రశ్న ‘ఎప్పుడు మానేశారు?’ అనే. లంగరు గతంలో ఉందని ‘హ్యాడ్’ చెప్పేసింది మరి. కొనసాగుతున్న ఉద్యోగానికి ‘హ్యావ్ బీన్ వర్కింగ్’. మానేసిన ఉద్యోగానికి ఉత్త ‘వర్క్‌డ్’ చాలు. ‘హ్యాడ్ బీన్ వర్కింగ్’ రావాలంటే ఆ తర్వాత ఒక సంఘటన ఉండాలి: మూడేళ్లుగా పనిచేస్తున్నప్పుడు ప్రమోషన్ వచ్చింది, సంస్థ మూతపడింది, అలాంటిది ఏదో ఒకటి. మందుల సంగతి కూడా ఇలాంటిదే. కేసు షీటులో ‘హ్యాజ్ బీన్ టేకింగ్’ అంటే రోగి ఆ మాత్ర ఇంకా వేసుకుంటున్నాడని, ‘హ్యాడ్ బీన్ టేకింగ్’ అంటే గతంలోని ఒక దశ గురించి చెబుతున్నారని డాక్టరు అర్థం చేసుకుంటాడు.

‘హ్యాడ్’ మీద మోజు భారతీయ ఇంగ్లిష్ అంతటా ఉంది. ‘ఎస్టర్డే ఐ హ్యాడ్ గాన్ టు గుంటూర్’ అనడం అందుకు నమూనా. ‘హ్యాడ్’ పెడితే గతం మరింత గట్టిపడుతుందన్న భావన దీని వెనుక ఉన్నట్టుంది. తేదీ చెప్పాక, లంగరు లేని చోట, ‘ఐ వెంట్’ తప్ప మరొకటి అక్కర్లేదు. అంటే ఒకే మనిషి ‘హ్యాడ్’ కావాల్సిన చోట వదిలేసి, అక్కర్లేని చోట తగిలిస్తున్నాడు. రెండు తప్పులకూ మూలం ఒకటే: లంగరు వెతక్కపోవడం.

బ్యాంకు, ఎస్సెస్సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) పరీక్షల తప్పులు పట్టే ప్రశ్నల్లో ఈ కాలానికి ఒక స్థిరమైన అచ్చు ఉంది. వాక్యంలో ‘ఫర్’ లేదా ‘సిన్స్’ ఉంటుంది, ‘వెన్’ తర్వాత సింపుల్ పాస్ట్ ఉంటుంది, మధ్యలో ‘వాజ్ వర్కింగ్’ అనో ‘హ్యాజ్ బీన్ వర్కింగ్’ అనో పెడతారు. ముందు ‘వెన్’ తర్వాతి క్రియను చూసి, తర్వాత ‘ఫర్’ను చూస్తే జవాబు కొన్ని సెకన్లలో తేలుతుంది. విదేశీ చదువులకు, వీసాలకు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఎల్ట్స్ రైటింగ్‌లో వ్యాకరణ వైవిధ్యం, కచ్చితత్వం నాలుగు కొలమానాల్లో ఒకటి, నాలుగో వంతు మార్కులు దానివి. అందుకని ప్రతి పేరాలో ‘హ్యాడ్ బీన్’ దూర్చమని సలహా ఇచ్చేవారున్నారు. అది నష్టమే చేస్తుంది. ఇంగ్లిష్‌లో ఈ రూపం సహజంగానే అరుదు. కచ్చితత్వం కూడా అదే కొలమానంలో ఉంది కాబట్టి, అనవసరమైన చోట వాడిన ప్రతిసారీ వైవిధ్యంలో వచ్చింది అక్కడ పోతుంది.

కథనంలోనైతే, వెనక్కి వెళ్తున్నామని ఒక్కసారి చెబితే చాలు. ‘షి హ్యాడ్ బీన్ ప్రిపేరింగ్ ఫర్ టూ ఇయర్స్’ అని తలుపు తీశాక, ఆ రెండేళ్ల వివరాలు ‘షి గాటప్ ఎట్ ఫోర్, షి వాక్‌డ్ టు ద లైబ్రరీ’ అని సింపుల్ పాస్ట్‌లోనే నడుస్తాయి. మళ్లీ లంగరు దగ్గరికి వచ్చేటప్పుడు ‘బై దెన్’ లాంటి మాట ఒకటి పెడితే, ఇంకో ‘హ్యాడ్’ లేకుండానే చదివేవారు పరీక్ష రోజుకు తిరిగి వచ్చేస్తారు.